క్రొత్త బాట - తెరవని తలుపులు

అంతర్జాలమునందు ప్రతి యంత్రమునకును ఒక అంకె చిరునామాగా నుండవలయును. పాఠకుడు వెబ్‌సైటు పేరు వ్రాయును. అతని ఫోను ఆ పేరునకు చెందిన అంకె యేదియో పేర్ల పట్టికను అడిగి తెలిసికొని, ఆ అంకెను బట్టి దారి పట్టిపోవును. పేరు మనుష్యుల సౌకర్యమునకు. అంకె యంత్రముల సౌకర్యమునకు. అంకె లేని సర్వరు నంబరు లేని యిల్లు వంటిది. అందున్నవారు ఎంతటి ఘనులైనను ఉత్తరము చేరదు.

ఈ అంకెలలో పాతవియు క్రొత్తవియు రెండు విధములు నేడు వాడుకలో నున్నవి. మన దేశమున ఫోను చేతబట్టిన ప్రజలలో అధికసంఖ్యాకులు, తమకు తెలియకయే, క్రొత్త అంకెలకు మారియున్నారు. కాని వారు చూడగోరు వెబ్‌సైట్లలో పెక్కు పాత అంకెను మాత్రమే పెట్టుకొని కూర్చున్నవి. బాట పడినది, బాటవైపు తలుపు పెట్టినవారు చాలరు. ఈ తలుపు పెట్టుట యెవరి విధి, పెట్టకుండుటచే నష్టపడువారెవ్వరు అను విషయమును పాఠకుల యెదుట నుంచుటయే నేటి మా యుద్దేశము.

మొదట ఈ కొరత యెట్లు వచ్చినదో చూతము. ఐపీవీ4 అని నిపుణులు పిలుచు నాలుగవ కూర్పు నియమావళి 1981 సెప్టెంబరులో ప్రకటింపబడినది. 1983 జనవరి 1వ తేదీన అమెరికాలోని అర్పానెట్టు దీనికి మారెను. 192.0.2.10 అన్నట్లు నాలుగు భాగములుగ వ్రాయబడు ఈ అంకెలు 32 బిట్లవి గావున, అన్నియు కలిసి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. కొన్ని వందల యంత్రములను కలుపుటకు ఏర్పడిన ప్రయోగమునకు అది సముద్రమువలె తోచియుండుటలో ఆశ్చర్యము లేదు. నేటి భూలోక జనసంఖ్య 800 కోట్లు దాటినది. మనిషికొక్క అంకె చొప్పున పంచినను సగము మందికి పైచిలుకు మాత్రమే వచ్చును. ఇక ఒక్కొక్కరి ఫోను, కంప్యూటరు, టెలివిజను మాట చెప్పనేల?

పంపకము సైతము సమముగ జరుగలేదు. తొలినాళ్లలో అడిగినవారికి అడిగినంత యిచ్చిరి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయ మొక్కదానికే 1 కోటి 67 లక్షలకు పైగా అంకెలు దక్కినవి. వానిలో వాడనివి పెక్కులున్నవని ఆ విద్యాలయమే 2017లో చెప్పి, కొన్నింటిని అమ్మకమునకు పెట్టినది. ఆలస్యముగ అంతర్జాలమునకు వచ్చిన ఆసియా, ఆఫ్రికా దేశములకు విస్తరి చివర మిగిలిన మెతుకులే గతియైనవి. ఇది యెవరో పన్నిన కుట్ర యని మేమనము. ముందువచ్చినవానికి ముందు అను నియమము వెనుకవచ్చిన కోట్ల జనులకు ఎట్టి ఫలమునిచ్చునో చూపుటకే దీనిని పేర్కొంటిమి.

2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ భాండాగారములోని కడపటి అంకెల ఖండములు అయిదును అయిదు ప్రాంతీయ సంస్థలకు పంచిపెట్టబడినవి. అదే సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీకి మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ కడపటి ఖండమునకు వచ్చి, రేషను ప్రారంభమైనది. 2015 సెప్టెంబరు 24న ఉత్తర అమెరికా గాదె వట్టిపోయినది. 2019 నవంబరు 25న ఐరోపా గాదె వట్టిపోయినది. మన ప్రాంతమున 2019 నుండి క్రొత్తగ వచ్చు సంస్థకు 512 అంకెలకు మించి యిచ్చు ఆచారము లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక యువకుడు నాలుగు సర్వర్లతో హోస్టింగు వర్తకము ప్రారంభింపదలచినచో, పాతకాపులతో పోటీకి అతడు తీసికొని పోగల పెట్టుబడి యింతే. అంతకు మించి కావలసినచో బజారున కొనవలయును.

అవును, బజారే. ఉచితముగ పంచబడిన అంకె నేడు అమ్మకపు సరకైనది. 2011లో దివాలా తీసిన నార్టెల్ కంపెనీ ఆస్తులలో నుండి 6,66,624 అంకెలను మైక్రోసాఫ్టు 75 లక్షల డాలర్లకు కొనెను. అనగా అంకె యొక్కటికి 11 డాలర్ల పైమాట. 2024 ఫిబ్రవరి 1వ తేదీ నుండి అమెజాను వారి సర్వరు విభాగము తన ఖాతాదారులు వాడుకొను ప్రతి పాత అంకెకును గంటకు అర సెంటు చొప్పున వసూలు చేయుచున్నది. సంవత్సరమునకు దాదాపు 44 డాలర్లు. కలవానికి ఇది లెక్కలోనిది కాదు. ఒక పల్లె గ్రంథాలయమునకు, ఒక చిన్న పత్రికకు, ఒక నేత సహకార సంఘమునకు ఇది లెక్కలోనిదే. బహిరంగముగ మాటలాడుటకు చిరునామా కావలయును; చిరునామాకు వెల యేర్పడినచో మాటకును వెల యేర్పడినట్లే గదా!

ఈ కొరతకు మందు చాలకాలము క్రిందటనే సిద్ధమైనది. ఐపీవీ6 అను ఆరవ కూర్పు 1995 డిసెంబరులో తొలిసారి ప్రకటితమై, 1998లో సవరింపబడి, 2017 జూలైలో సంపూర్ణ ప్రమాణ స్థాయి నందినది. దీని అంకె 128 బిట్లది. మొత్తము అంకెల సంఖ్య వ్రాయవలెనన్న 340 ప్రక్కన 36 సున్నలు పెట్టవలయును. ఇక కొరతయను మాట లేదు. అయితే ఒక చిక్కు కలదు. పాత అంకె మాత్రమే గల యంత్రమును, క్రొత్త అంకె మాత్రమే గల యంత్రమును నేరుగ మాటలాడుకొనజాలవు. కావున మార్పు జరుగు కాలమున వెబ్‌సైటు రెండు అంకెలను ధరించి, ఏ దారిన వచ్చినవానికి ఆ దారిన బదులు చెప్పవలయును. మేము పాతదానిని మూసివేయుడని కోరుటలేదు. క్రొత్తదానిని తెరువుడనియే కోరుచున్నాము.

మన దేశమున ఈ మార్పు ఒక ప్రక్క వేగముగను, మరియొక ప్రక్క మందకొడిగను నడచినది. 2016 సెప్టెంబరు 5న జియో సేవ ప్రారంభమైనప్పుడు ఆ సంస్థ తన కోట్లాది ఖాతాదారులకు మొదటినుండియు ఆరవ కూర్పు అంకెలనే యిచ్చినది. తక్కిన పెద్ద సంస్థలును అనుసరించినవి. నేడు భారతదేశపు వాడుకదారులలో మూడింట రెండువంతులకు తక్కువ గాకుండ క్రొత్త బాటను వాడుచున్నారు. ప్రపంచమున అగ్రశ్రేణిలో నిలిచిన దేశములలో మనది యొకటి. ఇది గర్వింపదగిన విషయమే.

రెండవ ప్రక్కను చూడుడు. 2010 జూలైలో కేంద్రప్రభుత్వపు టెలికాం శాఖ మార్గసూచిని ప్రకటించుచు, 2012 మార్చికి కేంద్ర రాష్ట్ర ప్రభుత్వ శాఖలన్నియు క్రొత్త నియమావళిని వాడుట ప్రారంభింపవలయునని గడువు పెట్టినది. 2013లో రెండవ మార్గసూచి వచ్చి, ఆ పనిని పూర్తిచేయుటకు 2017 డిసెంబరు అని చెప్పినది. 2021 నవంబరులో మరల ఉత్తరువు వచ్చి, ప్రభుత్వ సంస్థలు తమ వెబ్‌సైట్లను 2022 జూన్ 30 లోపల మార్చవలయుననినది. న్యాయస్థానములలో వాయిదాలకు అలవాటుపడిన మావంటి వకీళ్లకు ఈ చరిత్ర వింతగ తోచదు. కాని ప్రతి వాయిదాకును ఖర్చు భరించు కక్షిదారుడు ఒకడుండును. ఇచ్చట అతడెవ్వడు?

పాత అంకె మాత్రమే గల వెబ్‌సైటును క్రొత్త అంకె గల ఫోను ఎట్లు చూడగలుగుచున్నదని పాఠకులడుగవచ్చును. మధ్యను టెలిఫోను సంస్థ ఒక అనువాద యంత్రమును నిలిపినది. అది కుంపిణీ కాలపు దుబాసీ వంటిది. ఇరువురికిని ఒకరి భాష యొకరికి రాదు గావున, ప్రతి మాటయు దుబాసీ నోటిగుండ పోవలయును. దుబాసీ యున్నంతవరకు బేరము సాగును, కాదనము. కాని దుబాసీకి జీతమీయవలయును. ఆ జీతము తుదకు ఖాతాదారుని బిల్లులోనే చేరును. అతని పుస్తకము నిండినచో క్రొత్త బేరములు నిలిచిపోవును. అతడొక్క పేరుతోనే వందలమంది పక్షమున మాటలాడును గావున, వారిలో ఒకడు దుర్మార్గము చేయగా వెబ్‌సైటువాడు కోపించి ఆ అంకెను బహిష్కరించినచో, తక్కిన వందలమంది నిరపరాధులును వాకిట నిలిచిపోవుదురు. తాము చేసిన నేరమేమో వారికి తెలియదు, చెప్పువాడును ఉండడు.

ఈ చివరి విషయము న్యాయదృష్టితో మరింత విచారింపదగినది. ఏదేని అపరాధము జరిగినప్పుడు దర్యాప్తు చేయువారు సర్వరు దినచర్యలో వ్రాయబడిన అంకెను పట్టుకొని సంస్థనడుగుదురు. మన దేశమున ఇట్టి దినచర్యలను 180 దినములు భద్రపరుపవలయునని 2022 ఏప్రిల్ 28వ తేదీన కంప్యూటరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించినది. భద్రపరచినను ఫలమేమి? ఆ అంకెను ఆ క్షణమున వందలమంది పంచుకొనుచుండిరి. ఖచ్చితమైన కాలమును, ఏ పోర్టునుండి వచ్చెనో ఆ సంఖ్యను కూడ వ్రాసియుంచిన నాడే మనిషి తేలును. పెక్కు సర్వర్లు పోర్టును వ్రాయనే వ్రాయవు. 2017 అక్టోబరులో ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ ఈ కారణము చేతనే, ఇట్టి ఉమ్మడి అంకెల పద్ధతి అంతము కావలయునని బహిరంగముగ కోరినది. దోషి తప్పించుకొనుట యొక కీడు. నిర్దోషి ఠాణా మెట్లెక్కుట అంతకంటె గొప్ప కీడు. వెబ్‌సైటు క్రొత్త అంకెతో పలికినచో దుబాసీ తొలగును. వచ్చినవాని అంకె వచ్చినవానిదిగనే నమోదగును.

అట్లైన ప్రతి మనిషికిని తన యంకె అంటిపెట్టుకొనియుండి, అతని రాకపోకలన్నిటిని పరులు పసిగట్టరా యని కొందరు శంకింతురు. ఈ శంక న్యాయమైనదే. నియమకర్తలు దీనిని విస్మరింపలేదు. ఫోనులును కంప్యూటర్లును తమ అంకెలోని చివరి సగమును కాలానుగుణముగ మార్చుకొను పద్ధతి యొకటి 2007లో స్థిరపడి, 2021లో మరల సవరింపబడినది. నేటి యంత్రములలో ఇది సామాన్యముగ అమలులో నున్నది. దీనితో గోప్యత సంపూర్ణముగ లభించునని చెప్పజాలము. కాని పదిమందిని ఒక్క పేరు క్రింద కుక్కి, దానికే గోప్యత యని పేరుపెట్టుటకంటె ఇది మేలైన మార్గము.

ఇక ఆచరణ మాట. ఒక వెబ్‌సైటును క్రొత్త బాటకు తెరచుట బ్రహ్మవిద్య కాదు. కాని వరుస తప్పరాదు. ముందు హోస్టింగు వర్తకుడు అంకెల ఖండమును పొంది, తన రౌటర్లలో అమర్చి, పై సంస్థలకు మార్గమును ప్రకటింపవలయును. పిదప సర్వరునకు క్రొత్త అంకె నిచ్చి, వెబ్ సర్వరు ప్రోగ్రాము రెండు అంకెలమీదను వినునట్లు చేయవలయును. ఫైర్‌వాలు నియమములు రెండింటికిని వ్రాయవలయును. పాత వాకిట కావలి నుంచి, క్రొత్త వాకిలిని దొంగలకు విడిచినవారు కొందరు కలరు. అట్లని భయముచే సమస్తమును బిగించుటయు తప్పే. పొట్లము పెద్దదైనదని దారిలోని యంత్రము పంపు హెచ్చరికను లోనికి రానీయవలయును. లేనిచో చిన్న పుటలు తెరచుకొని, పెద్ద పుటలు సగములో నిలిచిపోవును, కారణము ఎవరికిని బోధపడదు. పాత అంకెకు 15 అక్షరముల గడి చాలెడిది. క్రొత్తదానిని పూర్తిగ వ్రాసిన 39 అగును. కావున దినచర్యలలోను, ఖాతా పుస్తకములలోను ఆ గడులు వెడల్పు చేయవలయును. భద్రతా పత్రము పేరునకు చెందినది గాని అంకెకు చెందినది కాదు గావున, దానిని మరల పొందనక్కరలేదు.

ఇదంతయు ముగిసి, క్రొత్త అంకె మాత్రమే గల వేరొక యింటినుండి పరీక్షించి చూచిన పిమ్మట, అన్నిటికంటె చివర, పేర్ల పట్టికలో ‘ఏఏఏఏ’ అను పద్దును వ్రాయవలయును. పాత అంకెకు ‘ఏ’ పద్దు యెట్లో క్రొత్తదానికి ఇది యట్లు. పేర్ల పట్టికను చెప్పు సర్వర్లు సైతము క్రొత్త దారిన అందుబాటులో నుండవలయును. లేనిచో తలుపు తెరచి వీధి గుమ్మమునకు గడియ వేసినట్లగును.

పద్దును చివర వ్రాయుడని నొక్కి చెప్పుటకు కారణము కలదు. సర్వరు పలుకకుండ పద్దు మాత్రము ప్రకటించుట తప్పుడు చిరునామా యిచ్చుట వంటిది. పాఠకుని ఫోను ఆ దారిన పోయి, బదులు లేక, వెనుకకు రావలసివచ్చును. ఒకప్పుడిది చాలసేపు పట్టెడిది. నేటి బ్రౌజర్లు క్రొత్త దారిన మొదట ప్రయత్నించి, సెకనులో నాలుగవవంతు కాలములో బదులు రానిచో పాత దారిని కూడ పట్టునట్లు 2017 నాటి నియమము సూచించినది గావున, కీడు తగ్గినది. కాని తగ్గిన కీడు కీడు కాకపోదు. 2011 జూన్ 8న గూగులు, ఫేసుబుక్కు, యాహూ మున్నగు పెద్ద వెబ్‌సైట్లు ఒక్క దినము పరీక్షగ ఈ పద్దులను ప్రకటించి, లోపములను చూచుకొని, మరుసటి సంవత్సరము జూన్ 6 నుండి పెక్కు సంస్థలతో గూడి శాశ్వతము చేసినవి. పెద్దలు నడచిన ఆ మార్గము చిన్నవారికిని క్షేమకరము.

సర్వరును ముట్టుకొనలేనివారికి మరియొక యుపాయము కలదు. వెబ్‌సైటునకు ముందర నిలిచి పాఠకులకు పుటలందించు మధ్యవర్తి సంస్థలు క్రొత్త అంకెతో పలుకుచు, వెనుకనున్న పాత సర్వరుతో పాత భాషలోనే మాటలాడగలవు. తాత్కాలికముగ ఇది మంచిదే. అయినను తన గుమ్మము పరుని చేతిలో నున్నదను మాట గృహస్థుడు మరువరాదు.

హోస్టింగు వర్తకులకు మేమొకటి విన్నవించెదము. చిన్న ఖాతాదారుడు ఒకే సర్వరులో వందలమందితో కలిసి కాపురముండును. అతడు స్వయముగ చేయగలది లేదు. మీరు అంకె నీయనిదే అతనికి అంకె లేదు. ఒక సంస్థకు సామాన్యముగ లభించు కనీసపు ఆరవ కూర్పు ఖండమును 65,536 స్థలములకు పంచవచ్చును. ఆ స్థలములలో ఒక్కొక్కదానిలో మరల 65,536 వీధులు వేయవచ్చును. ఇంత సమృద్ధియైన వస్తువునకు వేరు సుంకము విధించుట ఏటియొడ్డున నీళ్లమ్ముట వంటిది. అడిగినవానికి ఇత్తుమనుట చాలదు. అడుగకయే యిచ్చి, క్రొత్త ఖాతా తెరచునాడే రెండు అంకెలును అమర్చి యీయవలయును.

ప్రభుత్వ కార్యాలయములు, విశ్వవిద్యాలయములు, బ్యాంకులు, న్యాయస్థానములు మొదలైన వానికి బాధ్యత మరింత హెచ్చు. రైతు భూమి పత్రము చూచుకొనుటకు, విద్యార్థి పరీక్షాఫలితము తెలిసికొనుటకు, కక్షిదారుడు వాయిదా తేదీ కనుగొనుటకు ఫోను తప్ప వేరు సాధనము లేని దినములివి. ప్రకటనను కచేరీ తలుపునకు అంటించుట మాత్రమే చాలదు. ప్రజలు నడచు దారిన అది కనబడవలయునని న్యాయశాస్త్రము తెలిసిన ప్రతివాడును ఒప్పుకొనును. ఇతర దేశములు కదలినవి. అమెరికా ప్రభుత్వము 2020 నవంబరులో, తన సంస్థల యంత్రములలో నూటికి 80 వంతులు 2025 ఆర్థిక సంవత్సరాంతమునకు క్రొత్త అంకెలతో మాత్రమే నడువవలయునని ఆదేశించినది. చెక్ ప్రభుత్వము 2032 జూన్ 6 తరువాత తన సేవలను పాత అంకెలమీద నడుపబోనని 2024లోనే ప్రకటించినది. గడువు పెట్టుటలో మనము వారికి తీసిపోలేదు; తీర్చుటలో తీసిపోరాదు.

తెలుగు లిపిలోనే వెబ్‌సైటు పేరు వ్రాసికొనుటకు ‘.భారత్’ అను కొసపేరు నేడు మనకు కలదు. ఆ పేర్లను నిర్వహించు నిక్సీ సంస్థ ఆధ్వర్యముననే మన దేశపు అంకెల రిజిస్ట్రీయు నడచుచున్నది. పేరు మన లిపిలో పెట్టుకొని, అంకెకు మాత్రము ఎరువు తెచ్చుకొనుట మనకు శోభింపదు. పేరును అంకెయు రెండును ఒకే గడపలో లభించుచుండగా ఆలస్యమునకు కారణమేమి?

కావున వెబ్‌సైటు గల ప్రతి పాఠకునికి, ప్రతి సంఘమునకు మా విన్నపము. ఈ వారమే మీ హోస్టింగు వర్తకునికి ఒక ఉత్తరము వ్రాయుడు. మా సర్వరునకు ఆరవ కూర్పు అంకె కలదా? లేనిచో ఏ తేదీకి ఇత్తురు? అందులకు వేరు సుంకమడుగుదురా? ఈ మూడు ప్రశ్నలు చాలును. ఒక్క ఉత్తరమునకు వర్తకుడు కదలకపోవచ్చును. నూరు ఉత్తరములకు కదలక తప్పదు. తేదీ చెప్పినవానిని ఆ తేదీకి నిలదీయుడు. చెప్పనివానిని విడిచి చెప్పినవానియొద్దకు పొండు. ఉత్తరువులకు మూడు గడువులు గడచినవి. నాలుగవ గడువును ప్రజలే నిర్ణయింతురు గాక.